ఎడమకి నెడితే అవును

కంప్యూటరు సామాను బాగుచేసే ఇరుకు దుకాణం. మధ్యాహ్నం. కౌంటరుకు అటు మెకానిక్, ఇటు యాభై దాటిన ఆవిడ. ఇద్దరి మధ్యా ఆవిడ తెచ్చిన లాప్‌టాప్, ఒక నల్లటి జాయ్‌స్టిక్.

"సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చెయ్యాలి బాబూ. రేపంటే కుదరదు."

"అందరూ ఇదే మాటమ్మా. ఇంతకీ ఆడేది ఎవరు, మీ అబ్బాయా?"

"ఆడటానికి కాదు. మా ఆయన మాట్లాడటానికి."

"దీంతోనా?"

"దీంతోనే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. నోరు పోయింది, ఒళ్ళు పోయింది. కుడిచేతి వేళ్ళు రెండు మాత్రం కాస్త ఆడతాయి. ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఈ ఉపాయం చెప్పింది. మనం ఏదైనా అడిగి ఈ మీట నొక్కుతాం. ఆయన ఎడమకి నెడితే తెర మీద 'అవును' అని వస్తుంది. కుడికి నెడితే 'కాదు'. పైకి నెడితే అక్షరాలు వస్తాయి, ఒక్కోటీ ఏరుకోవాలి."

"ఇది ఆటల సామానమ్మా. కుర్రాళ్ళు నాలుగు నెలలు ఆడి అవతల పారేస్తారు. దీన్ని పట్టుకుని ఇంత పని..."

"ఇంకేం దొరుకుతుంది మాలాంటివాళ్ళకి?"

"సరే, ఎప్పుడు ఆగింది?"

"నిన్న పొద్దున. అసలు ఇది తగిలించినట్టే కంప్యూటరుకి తెలియడం లేదు."

"అంతకుముందు బాగానే ఉందా?"

"బాగానే... ఆఁ, బాగానే ఉంది. అక్షరాలు రావడం మాత్రం ఎండాకాలంలోనే ఆగిపోయింది."

"ఎందుకని?"

"నాకేం తెలుసు? ఒకరోజు కంప్యూటరు దానంతట అదే ఆగి, ఏదో మార్చుకుంటున్నాను, నన్ను ముట్టుకోవద్దు అంది. గంటసేపు అలాగే ఉంది. ఆ తర్వాత అక్షరాల పలక మళ్ళీ కనపడలేదు."

"అదీ సంగతి. అప్‌డేట్ అయింది. పాత డ్రైవరు తీసేసి తన దగ్గరున్నదేదో పెట్టుకుంది."

"డ్రైవరంటే?"

"ఈ స్టిక్ చెప్పేది కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ అనుకోండి. పాత దుబాసీకి దీని భాష బాగా వచ్చు. కొత్తవాడు తెలిసిన రెండు ముక్కలతో నెట్టుకొస్తున్నాడు."

"అయితే పాతదే మళ్ళీ పెట్టండి."

"అదే చూస్తున్నా. ఇది తయారుచేసినవాళ్ళ సైటు తెరుచుకోవట్లేదు... కంపెనీయే లేదమ్మా. మూసేసి నాలుగేళ్ళయిందట."

"అట్టపెట్టెలో సీడీ ఉంటే తెచ్చాను."

"ఇలా ఇవ్వండి. ఆఁ... ఊఁ. ఎక్కించుకోనంటోంది."

"ఇంకోసారి చూడండి."

"మూడుసార్లు చూశాను. ఇది ఎప్పటిదో, మీ కంప్యూటరు ఇప్పటిది. రెంటికీ పొసగదు."

"పోనీ కొత్త జాయ్‌స్టిక్ కొంటే?"

"కొనొచ్చు. చెప్తే నమ్మరు గానీ..."

"నమ్ముతాను. అక్షరాలు మళ్ళీ వస్తాయేమోనని పోయిన నెల కొన్నాను. డబ్బా విప్పి బిగించేలోపే కర్ర ఊడి చేతిలోకొచ్చింది."

"ఏ పేరున్నా లోపల అదే నాసిరకం సరుకమ్మా. పైన అట్ట మారుతుందంతే. ఉండండి, దీన్నే విప్పి చూస్తాను. ఇదిగో, కింద వైరు తెగింది. నిన్న ఆగింది ఇందుకే. అతికిస్తాను."

"అతికిస్తే వస్తుందా?"

"చూద్దాం. కాస్త వెనక్కి జరగండి, పొగ కొడుతుంది... అయిపోయింది. తగిలిస్తున్నా. గుర్తుపట్టింది. ఆ మీట నొక్కండి."

"నొక్కాను. అదిగో, 'అవును' అని వచ్చింది. చాలు బాబూ, ఇక మూసెయ్యండి."

"ఆగండమ్మా. నేను స్టిక్ ముట్టుకోలేదు."

"ఏమిటీ?"

"నా చేతులు రెండూ ఇక్కడున్నాయి చూడండి. ఇంకోసారి మీట నొక్కండి. చూశారా? ఎవరూ నెట్టకుండానే ఎడమకి పోతోంది."

"మీరు విప్పారుగా, అందుకని..."

"విప్పినందుకు కాదు. లోపల ఈ నల్ల పట్టీ అరిగిపోయింది. ఒక్కరోజులో అరిగేది కాదు ఇది. పాత డ్రైవరు ఉన్నన్నాళ్ళూ కొంచెం పక్కకి వాలినా మధ్యలోనే ఉందని సర్దుకునేది. కొత్తదానికి ఆ సర్దుబాటు లేదు. వెంట్రుకవాసి వాలినా నెట్టినట్టే లెక్క. అంటే ఎండాకాలం నుంచీ..."

"ఎండాకాలం నుంచీ ఏమిటి?"

"ఆయన చివరిసారి 'కాదు' అన్నది ఎప్పుడమ్మా?"

"ఆయనకి నీరసం. వేళ్ళు కుడికి తిరగడం లేదు."

"డాక్టరు చెప్పాడా?"

"నేనే అనుకున్నాను."

"జవాబు ఎంతసేపటికి వచ్చేది?"

"వెంటనే. మీట నొక్కడమే ఆలస్యం."

"ఆ రెండు వేళ్ళతో అంత తొందరగా ఎవరు నెట్టగలరమ్మా?"

"మీకు మా ఆయన తెలియదు. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. మా పెళ్ళి కార్డులో కూడా మూడు తప్పులు పట్టి మళ్ళీ అచ్చు వేయించారు. కూరలో ఉప్పు సరిపోయిందంటే సరిపోలేదనేవారు, సరిపోలేదంటే ఎందుకు సరిపోలేదూ అనేవారు. అలాంటి మనిషి ఈ ఆరు నెలలూ దేనికీ ఎదురు చెప్పలేదు. జబ్బు మెత్తబరిచింది పాపం అనుకున్నాం. వీధిలో అందరికీ చెప్పుకున్నాను కూడా, ఇప్పుడెంత మంచివారయ్యారో అని."

"ఏమేం అడిగేవారు?"

"ఏముంటాయి? ఫ్యాను వెయ్యనా. దిండు మార్చనా."

"అంతేనా?"

"నొప్పిగా ఉందా అని."

"అవుననేవారు."

"రోజూ. ఇంటికొచ్చి చూసే నర్సు మందు పెంచింది. ఇప్పుడు రోజంతా మగతగానే ఉంటున్నారు."

"ఇంకా?"

"మీకెందుకు బాబూ అవన్నీ? వైరు అతికించారు, అయిపోయింది."

"నిజమే. నాకెందుకులెండి."

"పుస్తకాలు. ఆయనవి నాలుగు బీరువాల నిండా పుస్తకాలు. ఆస్పత్రి మంచం వేస్తే గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నయ్యా అని మా ఆడపడుచు అడిగింది. అవునన్నారు. ఇచ్చేశాం. మోసుకెళ్తుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. దుమ్ము పడిందా అని నేనే అడిగాను."

"ఏమన్నారు?"

"అవునన్నారు."

"అమ్మా, కూర్చోండి. ఆ స్టూలు లాక్కోండి."

"ఫోను మోగుతోంది, ఉండండి... హలో, అక్కా. ఇంకా షాపులోనే ఉన్నాను. పక్కకి తిప్పారా? మీరొక్కరే తిప్పొద్దని చెప్పానా లేదా? మీ నడుం కూడా పట్టేస్తే మీ ఇంట్లోవాళ్ళకి నేనేం జవాబు చెప్పను? సరే. నీళ్ళు చెంచాతో పొయ్యండి. వస్తున్నా... ఎదురింటావిడ. పాపం, రోజూ ఒక గంట వచ్చి కూర్చుంటుంది."

"పిల్లలు లేరా?"

"లేరు."

"రేపు కుదరదన్నారు, ఏముందమ్మా రేపు?"

"బండి వస్తుంది, తొమ్మిదింటికి. మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోం ఉంది. అక్కడ చేరుస్తున్నాం."

"అదీ ఆయన్ని అడిగారా?"

"అడక్కుండా ఎలా చేరుస్తాం? మా ఆడపడుచు అడిగింది, నేను అడిగాను, ఆ హోం డాక్టరు వచ్చి అడిగాడు. మూడుసార్లూ..."

"అమ్మా, నేను చెప్పేదేమిటంటే..."

"చెప్పకండి. మీ పని మీరు చూడండి."

"చూస్తున్నా. ఈ పట్టీ కొత్తది దొరకదు. కానీ ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇలాంటి పాతవాటి కోసం చిన్న ప్రోగ్రాం రాసి నెట్‌లో పెట్టాడు. ఇదిగో ఇది మధ్య, ఇక్కడిదాకా వాలినా పట్టించుకోకు అని కంప్యూటరుకి మనమే చెప్పొచ్చు. ఇదిగో, పెట్టాను. పట్టీ కూడా తుడిచాను. ఇప్పుడు నొక్కండి."

"ఏమీ రావడం లేదు."

"రాకూడదు. ఎవరూ నెట్టలేదుగా. ఇప్పుడు మీరే కుడికి నెట్టండి. మెల్లిగా, ఆయన వేళ్ళతో నెట్టినట్టు."

"'కాదు' అని వచ్చింది."

"పైకి నెట్టండి."

"అక్షరాలు. అన్నీ వచ్చాయి."

"హమ్మయ్య. పొద్దుటి నుంచి నేను చేసిన పనుల్లో ఇదొక్కటే పనికొచ్చేది."

"ఎన్నాళ్ళుంటుంది?"

"చెప్పలేను. నెలో, రెండు నెలలో. రేపటికి మాత్రం ఢోకా లేదు. ఇంటికెళ్ళి ఆయన్ని మళ్ళీ అడగండి. తీరిగ్గా అడగండి. ఆయనే చెప్తారు."

"ఏం చెప్తారో నాకు తెలుసు బాబూ."

"తెలిస్తే ఇంకేం? ఆ హోంవాళ్ళకి ఫోను చేసి రావద్దని చెప్పేయండి."

"రేపు బండి ఎక్కించే ముందు వాళ్ళ డాక్టరు ఇంకోసారి అడుగుతాడు. మనిషి ఒప్పుకుంటేనే తీసుకెళ్తారట. అది వాళ్ళ పద్ధతి."

"మంచి పద్ధతేగా. ఈసారి నిజమైన జవాబు వస్తుంది."

"మూడు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి, పగలైనా రాత్రైనా. తిప్పకపోతే పుండ్లు పడతాయి. నా వెన్నులో రెండు పూసలు జరిగాయి. పోయిన వారం ఎత్తుతూ ఎత్తుతూ ఆయన్ని కింద పడేశాను. ఇద్దరం నేల మీద అలాగే ఉండిపోయాం, ఎదురింటావిడ వచ్చి తలుపు కొట్టేదాకా. ఆయన నన్నే చూస్తున్నారు. నేను గోడకేసి చూస్తూ పడుకున్నాను."

"అమ్మా..."

"ఆ ప్రోగ్రాం తీసెయ్యండి బాబూ. మళ్ళీ ఎడమకే పోయేలా చేసివ్వండి."