గోవర్ధన్ చేతిలో పెన్‌డ్రైవ్

గోవర్ధన్ క్యాబ్ ఎక్కి, అతని కోత ఒక్కటైనా వినకుండా శంషాబాద్‌లో దిగిన మనిషి లేడు. మరియం ఆ కోతల్ని ఎప్పుడూ ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసేది. ఆ రోజు మాత్రం అతనితో అవసరం పడింది.

ఆమె ఆన్‌లైన్ సెంటర్ బర్కత్ చాయ్ హోటల్‌ని ఆనుకొనే ఉంటుంది. నాలుగింటికి ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ కాస్తా చచ్చిపోయింది. సరిగ్గా అప్పుడే శోభ వచ్చింది. ఎయిర్‌పోర్టు కార్గోలో క్లర్కు ఉద్యోగానికి ఫారం పెట్టాలి, ఐదింటితో గడువు. మళ్లీ దరఖాస్తులు పిలిచేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఆ ఫారం ఫోన్‌లో తెరుచుకోదు, పక్క సెంటర్లో చూస్తే జనం బారులు తీరి ఉన్నారు.

అప్పుడు హోటల్ బెంచీ మీదున్న గోవర్ధన్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "దీంట్ల లినక్స్ ఉంది. హార్డ్‌డిస్క్ లేకున్నా దీని మీదనే కంప్యూటర్ నడుస్తది."

అది కోత కాదని మరియంకి తెలుసు. కానీ ఊరికే పెడితే గోవర్ధన్ ఎందుకవుతాడు? అందరికీ కనబడాలని, తోపుడుబండి మీద చవగ్గా కొన్న పొడుగు వైరు ఒకటి క్యాబ్‌లోంచి తెచ్చాడు. ఒక కొస ల్యాప్‌టాప్‌కి గుచ్చి, రెండో కొసకు పెన్‌డ్రైవ్ తగిలించి, దాన్ని చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు. తెర మీద చుక్కలు తిరగడం మొదలైంది. టైము నాలుగున్నర.

"తెరుచుకునేలోపల దీని స్పీడు సంగతి చెప్త, ఇనుర్రి. మొన్న ఆరాంఘర్ కాడ ఒక సార్ ఎక్కిండు. ల్యాప్‌టాప్ ఖరాబ్, మనిషి పరేషాన్. నేను ఇది పెట్టిన. సిగ్నల్ పచ్చగయ్యేలోపల తెరుచుకుంది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? గగన్‌పహాడ్ వచ్చేసరికి సార్ ఆఫీసు పని అయిపోయింది. శంషాబాద్ వచ్చేసరికి రేపటి పని సుత అయిపోయింది."

"రేపటిదా?" బర్కత్ చాయ్ వడపోస్తూ అడిగాడు.

"ఎల్లుండిది నేనే వద్దన్న. ఇగ నౌకరి ఎందుకు అంటరని."

బర్కత్ నవ్వాడు. శోభ నవ్వలేదు. ఆమె కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

"గా సార్ నన్ను ఇడిసిపెట్టలే. ఎయిర్‌పోర్టు లోపలికి తోల్కపోయిండు. ఆడ ఒక ఇమానం నిలబడ్డది, ఎవలదో అడగొద్దు. కంప్యూటర్ లేస్తలేదు, మూడు వందల మంది కూసున్నరు. బెల్టులు గట్టిగ పెట్టుకోర్రి అని చెప్పిన. గిట్ల పెట్టిన, అంతే."

అంటూ పెన్‌డ్రైవ్ ఉన్న చెయ్యి గాల్లోకి విసిరాడు. వైరు ఊగింది. తెర మీద చుక్కలు ఆగి, కాసేపటికి మళ్లీ తిరిగాయి. మరియం చూసింది గానీ ఎందుకో తోచలేదు.

"పైలట్ ఇంక చాయ్ తాగుతనే ఉన్నడు, ఇమానం ఉరికింది. దుబాయ్‌ల దిగి కిందికి చూస్తే చక్రాలు ఇంక శంషాబాద్‌ల లేస్తున్నట్టే ఉన్నయ్. ఈడ పదింటికి లేచింది, ఆడ ఎనిమిదిన్నరకు దిగింది."

బర్కత్ ఆరేళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు. "గోవర్ధన్ భాయ్, ఆడ గడియారం ఎప్పుడైనా గంటన్నర ఎనకనే ఉంటది."

"ఎందుకుంటదనుకున్నవ్? నేను పోయినంక లెక్క కుదుర్తలేదని ఆళ్లే ఎనక్కి తిప్పుకున్నరు."

శోభ లేచి నిలబడింది. "అన్నా, ఇమానం దుబాయ్ పోయింది. అక్క ల్యాప్‌టాప్ ఇంక గడప దాటలే. పావు తక్కువ ఐదు అయింది. ఆళ్లు తిప్పుకున్నట్టే, గీ గడియారం సుత జర ఎనక్కి తిప్పుతవా?"

గోవర్ధన్ గడియారం వంక చూసి తల దించుకున్నాడు. చెయ్యి ఒళ్లో పడింది. అతన్ని చూసి మరియంకి జాలేసింది. చెయ్యి అలా కదలకుండా ఉన్నంతసేపూ చుక్కలు ఆగకుండా తిరగడం అప్పుడే గమనించింది.

"అన్నా, నువ్వు చెయ్యి ఊపినప్పుడల్లా ఇది ఆగుతున్నది. పాటలు ఎక్కించుకునుడు వేరే, దీని మీద కంప్యూటర్ నడుపుడు వేరే. ప్రతి చిన్నదానికి కంప్యూటర్ దీంట్లకెల్లి అడిగి తెచ్చుకోవాలె. డ్రైవ్ మంచిదే ఉన్నది. వైరే నాసిరకం, కదిలితే లింకు తెగుతున్నది."

ల్యాప్‌టాప్ ఆపేసింది. వైరు పీకేసి, పెన్‌డ్రైవ్‌ని పక్కనున్న వేగంగా పనిచేసే నీలం రంగు యూఎస్‌బీ సందులో నేరుగా గుచ్చి, బటన్ నొక్కింది. బర్కత్ పోసిన చాయ్ ఇంకా పొగలు కక్కుతుండగానే తెర తెరుచుకుంది. నాలుగూ యాభై ఆరుకు శోభ ఫారం వెళ్లింది, దరఖాస్తు నంబరు వచ్చింది. శోభ ఆ నంబరు రెండుసార్లు పైకి చదువుకొని, స్టూలు మీద కూలబడి చున్నీతో ముఖం తుడుచుకుంది.

గోవర్ధన్‌కి ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలే? సిగ్నల్ పచ్చగయ్యేలోపల..."

"నిజమే అన్నా, మస్తు స్పీడుంది," అంది శోభ, మొదటిసారి నవ్వుతూ. "నీ చేతులకెల్లి తీసినంక."