రూతమ్మక్క పెట్టిన సంఘం

"అవ్వా, అప్పట్లో ఉదయగిరిలో మీ ఆడోళ్ళంతా కలిసి ఏదో సేవా సంఘం పెట్టినారంట గదా, దాని గురించి చెప్పు."

సంఘమా? ఎవురు చెప్పినారమ్మణ్ణీ నీకు? మీ నాయన చెప్పుంటాడులే. మాటలెక్కించుకునే ఆ ఫోను దగ్గరగా పెట్టుకో, నా గొంతు పైకి రాదు.

అది పెట్టింది రూతమ్మక్క. బళ్ళో టీచరమ్మ, కిరస్తానం మనిషి. బదిలీ మీద ఉదయగిరికొచ్చింది, తెల్లదొరలు పోయిన మరుసటేడో, ఆ పైయేడో. పొడుగ్గా ఉండేది, గబగబా నడిచేది. పెళ్ళి చేసుకోలా. నేనప్పటికి ఆత్మకూరు నుంచి వచ్చేసి మా అన్న ఇంట్లో ఉండాను. అన్నంటే మీ తాతే. నన్ను ఆత్మకూరులో ఇచ్చినారు గదా, పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన విషజ్వరమొచ్చి పోయినాడు. నాకింకా ఇరవై కూడా నిండలా. అత్తగారోళ్ళు పంపించేసినారు. మా వదిన చెడ్డది గాదు, ఆ మాట అనకూడదు, అన్నం పెట్టింది. కానీ మా అన్న అంగడికి బయల్దేరేటప్పుడు నేను ఎదురు రాకూడదని వెనకింట్లోకి పొమ్మనేది. రోజూ అంతే. ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగిందాకా గోడకేసి చూస్తా కూసోనుండేదాన్ని.

ఆ... సంఘం గదా. అప్పుడు కాన్పుకు ఆస్పత్రి యాడుండాది మనకు? మంత్రసాని వచ్చి బిడ్డను చేతిలో పెట్టి పోయేది. తరవాత చూసే దిక్కులేనోళ్ళు శానామంది. సీతారామపురం పక్క నుంచి వానల్లేక వలసొచ్చినోళ్ళు, మొగుడు యాడో పనికి పోయుంటాడు, పచ్చి బాలింత లేచి కడవతో నీళ్ళు మోసుకునేది. రూతమ్మక్క అది చూసి నలుగురాడోళ్ళను పోగేసింది. పనేందంటే, బాలింత దగ్గర కూసోడం, గంజి కాచివ్వడం, గుడ్డలు ఉతికిపెట్టడం. అంతే. మునసబుగారి భార్య సుశీలమ్మ చేరింది, రెడ్డోళ్ళ ఆడోళ్ళు ఒకరిద్దరు చేరినారు. బియ్యం రేషను రోజులవి, డబ్బు పెట్టినా దొరికేవి గాదు, ఇంటింటా పిడికెడు అడిగి తెచ్చేవోళ్ళు.

ఒకరోజు రూతమ్మక్క మా ఇంటి ముందరకొచ్చింది. మా అన్న లోపలికి రమ్మనలా. "మీ చెల్లెల్ని పంపించండయ్యా, గంజి కాచేదానికి మనిషి కావాల" అనింది. బాలింతింటికి ఈమెనా, ఊరేమంటాది, అన్నాడు మా అన్న. ఆమె కదల్లా. ఎండలో అట్టనే నిలబడింది. దోవన పోయేవోళ్ళంతా ఆగి చూస్తుండారు. చివరికి మా అన్నకే సిగ్గేసి, పోయి రమ్మన్నాడు.

మొదట పోయింది కమ్మరోళ్ళింటికి. ఆ బాలింత అత్త గడపకడ్డం నిలబడి, టీచరమ్మను రమ్మనింది, నన్ను వొద్దనింది. అది నాకు కొత్తేం గాదు గదా, వెనక్కి తిరిగినాను. రూతమ్మక్క నా చెయ్యి పట్టుకోని, "కామాక్షి రాకపోతే నేనూ రాను" అనింది. అనేసి నాతోనే వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఏం చెప్పేది... నా పక్కన ఒక మనిషి నడిచింది గదమ్మా.

కొన్నాళ్ళకు ఆ కోడలికి జ్వరం ముదిరిందని ఆ అత్తే కబురుపెట్టింది, ఎవురైనా రండని. ఇద్దరం పోయినాం. ఆ పిల్ల వొళ్ళు కాలిపోతా ఉండాది. తడిగుడ్డలేసినాం, గంజి తాపినాం. బిడ్డను తెచ్చి నా వొళ్ళో పెట్టినారు. అప్పటిదాకా పసిబిడ్డను ఎత్తుకోనేలేదు నేను, తల అట్టా వాలిపోతాదని కూడా తెలీదు. ఆ పిల్ల బతికింది. ఇంగ నన్ను ఎవురూ గడపలో ఆపలా.

కొన్నేళ్ళు బాగా జరిగింది. ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడనుకుంటా, రూతమ్మక్కను ఆత్మకూరుకు మార్చేసినారు. సుశీలమ్మ సంఘానికి పెద్దయింది. ఆమె మంచిదే. కానీ పిలకాయల చదువులకని నెల్లూరికి కాపురం పోతా, మేం కూడేదానికి అడిగి తీసుకున్న గది తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇంగ నువ్వే చూసుకో అనింది. అట్టా నేను పెద్దనైనాను.

శనివారం సాయంత్రం కూడేవోళ్ళం. నేను గది ఊడ్చి చాప పరిచి కూసున్నాను. ఎవురూ రాలా. పై వారమూ రాలా. రెడ్డోళ్ళామెను పోయి అడిగితే, నీ మీద మాకేం లేదు కామాక్షీ, నువ్వు ముందుండి మేం వెనక రావడానికి మా ఇంట్లో మొగోళ్ళు ఒప్పుకోరు, అనింది. మెత్తంగానే అనింది పాపం.

బస్సెక్కి ఆత్మకూరు పోయినాను. మొగుడు పోయినాక మళ్ళా ఆ ఊరు తొక్కింది అప్పుడే. రూతమ్మక్క బడెనకాల ఒక చిన్న గదిలో ఉండాది. నన్ను చూసి చాప పరిచి కూసోబెట్టింది. గబగబా పోయి కొత్త కుండ కొనుక్కొచ్చింది. బియ్యమూ పప్పూ ముందర పెట్టి, "మీ ఆచారం నాకు తెలుసు. నువ్వే వండుకో, నేను బయట కూసుంటా" అనింది.

"నువ్వే వండక్కా" అన్నాను.

ఇద్దరం ఎదురెదురుగా కూసోని తిన్నాం. వెనకింట్లో ఒక్కదాన్నే తినడం నాకు అలవాటు గదా, ముద్ద దిగేదానికి కొంచేపు పట్టింది. మళ్ళా ఉదయగిరికి వచ్చేయి అక్కా, నువ్వైతే అందరూ వస్తారు, అన్నాను. ఉద్యోగం వొదిలి ఎట్టా వస్తా అనింది. ఈడ కూడా సంఘం పెట్టినావా అనడిగితే, తలొంచుకోని, "ఇక్కడ నన్ను ఎవరూ పిలవరు కామాక్షీ" అనింది. ఆమెకూ అట్టనే ఉండాదని అప్పటిదాకా నాకు తోచనే లేదు. బస్సు దాకా వచ్చి, బస్సు కదిలినా అట్టనే నిలబడింది.

మళ్ళా చూళ్ళేదు. ఉత్తరం రాసేదానికి నాకు చదువు రాదు, నా మనసులో మాటలు ఇంకొకరి చేత రాయించేవి గాదు. యాడికో సముద్రం పక్కకు మార్చినారంట. ఆమె చనిపోయిందని నాకు తెలిసేసరికే శానాకాలమైపోయుండాది.

ఆ గది సొంతదార్లు అడిగితే తాళంచెవి ఇచ్చేసినాను. సంఘం అయిపోయింది. కానీ కాన్పులు ఆగవు గదా, పిలిస్తే నేనొక్కదాన్నే పోయేదాన్ని. రెడ్డోళ్ళామె కోడలికీ నేనే పోయినాను. పురిట్లోకి పిలిచేవోళ్ళు, పేరు పెట్టేనాడు మాత్రం పిలిచేవోళ్ళు గాదు. నేను గోడకివతల నిలబడి, ఏం పేరు పెట్టినారో విని ఇంటికొచ్చేదాన్ని. ఊళ్ళో శానామంది పేర్లు నాకట్టా తెలిసినవే.

నీకూ నెలలు దగ్గరపడుతుండాయి గదా. బిడ్డను ముందు నా వొళ్ళోనే పెడతానంటివి. పెట్టు తల్లీ, నీ కడుపు చల్లగుండ. పేరు పెట్టేనాడు మీ అత్తగారోళ్ళు ఏమంటారో ఏమో... నా కోసం వాళ్ళతో పేచీ పెట్టుకోబాకు. నేను బయటే కూసుంటాలే. కాకపోతే ఆ పేరు కొంచెం గట్టిగా పిలవమను, ఈ మధ్య నాకు చెవులు సరిగ్గా...