చక్కగా కుదిరిన కాజాలు

"పెళ్లయిన ఇన్నేళ్లలో ఊడిన బొత్తాం వంక కన్నెత్తి చూడని మనిషి, ఇప్పుడు పెద్దవాళ్ల క్లాసులో చేరి కుట్టుపని నేర్చుకుంటున్నారు! ఇల్లంతా దారం ముక్కలే. ఇంతకీ మీరు కుట్టిన చొక్కా మేడమ్‌కి నచ్చిందా?"

ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ తలెత్తలేదు. ఆయన చొక్కా పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నచ్చింది. కాజాలు మరీ నచ్చాయి. అందరి ముందూ ఒకటి కుట్టి చూపించమన్నారు."

ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

"కుట్టారా?"

"కుట్టాను. ఎలుక కొరికినట్టు వచ్చింది. ఇవి ఎవరితో కుట్టించారని అడిగారు. నేనే కుట్టానన్నాను. అంతా నవ్వారు. నిజం చెప్పేదాకా క్లాసుకి రావద్దన్నారు."

"అయ్యో, అదేం మనిషండీ!"

"ఆవిడ సంగతి తర్వాత. పొద్దున చొక్కా మడతపెట్టి నా సంచిలో పెట్టిందెవరు?"

"నేనే. అయితే?"

"రాత్రి నేను పడుకునేటప్పటికి కాజాలు ఇంత చక్కగా లేవు."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"వంకరగా ఉన్నాయి కదా, నలుగురూ నవ్వుతారేమోనని విప్పి మళ్లీ కుట్టాను."

"అక్కడ అందరివీ వంకరే. వంకర చూసి ఎవరూ నవ్వరు. ఇంట్లో ఇన్నేళ్లూ అన్నీ నువ్వే చేసిపెట్టావు. నా చేతులతో నేను చేసుకున్న పని ఇదొక్కటే. ఇదీ నువ్వే చేసేశావు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నెపానికి ఉల్లిపాయలు ఎలాగూ ఉన్నాయి. కానీ ఈసారి వాటి మీద పెట్టలేదు.

"తప్పు నాదేనండీ. రేపు మీతో వచ్చి, ఈ మాట మేడమ్‌కీ చెబుతాను. అందరి ముందూ."