రాయనివ్వని తెర

బాయిలర్ పేలి భర్త ఆసుపత్రి పాలైతే, తప్పంతా అతనిదేనంది కంపెనీ. ఆమె నేరుగా రికార్డు గదికి వచ్చింది. గుమాస్తా పాత కంప్యూటర్ నల్ల తెర మీద ఆనాటి ఫైలు తెరిచాడు. ఆమె కళ్లు అతని వేళ్ల మీదే ఉన్నాయి.

“చూపిస్తూనే మార్చేస్తారేమో?”

“ఇది చూడ్డానికే చెల్లెమ్మా, ఒక్క అక్షరం రాయనివ్వదు. కావాలంటే నువ్వే నొక్కి చూడు.”

ఆమె నొక్కింది. ఏమీ మారలేదు.

“నిన్ననే మార్చేసి ఉంటే?”

“చివరిసారి మార్చిన తేదీ చూడు. ఆ రోజు తర్వాత దీన్నెవరూ ముట్టుకోలేదు.”

“అయితే చదవండి.”

“‘ఉదయం తొమ్మిది. ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఆపేద్దామంటే సూపర్‌వైజర్ వద్దన్నారు.’”

“మీరూ వాళ్ల జీతగాళ్లేగా! నాకెందుకు చూపిస్తున్నారు?”

“మీ ఆయన ఫోన్‌లో చెబుతుంటే టైపు చేసింది నేనే. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదీ నేనే.”

“ఇప్పుడైనా విప్పుతారా?”

“కాగితం మీదికి తీస్తున్నానమ్మా. కింద సంతకం నాదే.”