ఒంటి పేట

ఎండ వాలాక, ఆసిఫాబాద్‌లో తాళ్లు పేనే ముసలాయన వాకిట్లో బడి సైన్సు సారు ఆగాడు.

"మూడు తాళ్లా? ఎడ్లకా, బాయికా సారూ?"

"బడికి తాతా. మన ఒంట్ల డీఎన్ఏ అని ఉంటది, పోరగాళ్లకు చూపియ్యాలె. రెండు పేటలు మెలేసుకొని, మెలి తిప్పిన నిచ్చెన లెక్క ఉంటది."

"మరి మూడో తాడు?"

"గది ఆర్ఎన్ఏ. ఒంటి పేట. డీఎన్ఏ చెప్పిన మాట మోసుకపోయి పని చేపిస్తది."

"దానికి జోడు లేదా?"

"లేదు. దాని మీదికి అదే మడుసుకొని, దానితోనే అది జోడు కట్టుకుంటది."

"అచ్చం నా లెక్కనే. ముసల్ది పోయినప్పటి సంది నాతోని నేనే మాట్లాడుకుంటున్న. నేను పేనుతుంటే అవతలి కొస అదే పట్టుకునేది. ఇప్పుడు గుంజకు కడుతున్న."

"ఇటియ్యి, నేను పట్టుకుంట."

"మీకెందుకు సారూ! ఇంట్ల ఎదురుచూస్తరు."

"నువ్వు పేను తాతా."

పొద్దుగూకేసరికి మూడు తాళ్లూ తయారయ్యాయి.

"అయిపోయింది సారూ, ఇగ కొస ఇడువుండ్రి."

"ఇంకోటి పేను."

"మూడే అడిగిండ్రు కదా?"

"జర పేనరాదు తాతా. ఇంటికి పోతే తాళం నేనే తియ్యాలె."