అర్సేసియో జీపుకి నేను వేసిన పట్టీలు

ఏంటీ, నీ బండికి వెనకాల కమానులో ఇంకో రెండు పట్టీలు ఎక్కించమంటావా? కూర్చో యేసెనియా, ముందు కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి, ఈ టైరు మీద కూర్చో. బండి కొన్నావని విన్నానులే. అర్సేసియో మనవరాలు ఫోర్ వీల్ డ్రైవు బండి కొంది, లా పలోమా కొండ మీంచి కాఫీ మూటలూ అరటిగెలలూ దింపుతుందట అని మార్కెట్లో అందరిదీ అదే మాట. ఇంతకీ పెరెయిరా షాపువాడేమన్నాడు? ఊఁ. మందం పట్టీలు వేసుకో, మూడంగుళాలు లేపుకో, లోపల గాలి సంచులు పెట్టుకో, టన్నున్నర వేసినా బండి వంగదు అన్నాడా. అంటాడు, వాడిదేం పోయింది, కొండ దిగేది వాడా ఏమన్నా. నేను యాభై ఏళ్ళు పైగా ఈ షెడ్డులో బళ్ళ కింద బరువు మోసే స్ప్రింగు కమాన్లు కట్టాను. ఏం వెయ్యమంటావని ఎవరొచ్చినా ముందు నేనే రెండు మాటలడిగేవాణ్ణి. బరువు రోజూ ఉంటుందా, పంట రోజుల్లోనేనా? తిరిగి పైకెళ్ళేటప్పుడు ఖాళీయా, మనుషులుంటారా? రోజూ బరువే అయితే మందం పట్టీ వేసుకున్నా సరే. అప్పుడప్పుడయితే పల్చటివి ఎక్కువ వేసుకోవాలి, లేకపోతే ఖాళీ బండి గంతులేసి ఎక్కినవాళ్ళ నడుములు విరగ్గొడుతుంది. షాకబ్జర్లు మంచివి కొనుక్కో, అక్కడ పిసినారితనం వద్దు. అంతా బానే ఉంది గానీ, కమాను గట్టిదయితే బ్రేకు గట్టిదవుతుందా? ఇరుసు గట్టిదవుతుందా? అవదు. ఈ మాట నాది కాదు, మీ తాతది. కమాన్లవాణ్ణి నేను, డ్రైవరు ఆయన, ఆయన నాకు చెప్పాడు. అదీ సంగతి.

మీ తాతని నువ్వు చూళ్ళేదు కదూ. మీ నాన్నకే అప్పటికి ఆరేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట నెమ్మది, టోపీ మాత్రం ఎప్పుడూ కొత్తదే. పాత మిలిటరీ జీపు, ఆకుపచ్చది. దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేవాడో, మీ నాయనమ్మ ఒతిలియా వేళాకోళం చేసేది, "నన్ను చేసుకున్నాడు గానీ కాపురం దాంతోనే" అని. పొద్దున్నే లా పలోమా వెళ్ళి మూటలు దింపుకొచ్చేవాడు, మధ్యాహ్నం మనుషుల్ని పైకి తీసుకెళ్ళేవాడు. నెలలు నిండినవాళ్ళు, జ్వరాలవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ అర్సేసియో జీపు కోసమే కాసుక్కూచునేవాళ్ళు. కుదుపుండదు మరి. అందుకే ఆయన మెత్తటి కమాన్లే వేయించుకునేవాడు, పల్చటి పట్టీలు తొమ్మిది. బరువు పడితే బండి వెనకాల కూర్చునేది, కూర్చోవాలి కూడా. నీకు తెలీదేమో, అప్పట్లో పైన కాటా ఎక్కడిది? మూటలు లెక్కబెట్టి లాభం లేదు, ఒకడు కుక్కి కుట్టేవాడు, ఒకడు వదులుగా కుట్టేవాడు, తడిసిన కాఫీ ఒక బరువు, ఎండింది ఒక బరువు. మరెలాగంటే వేళ్ళతో. ఇరుసు పైన ఛాసిస్‌కి రబ్బరు దిమ్మ ఉంటుంది చూశావూ, మూటలెత్తేవాడు కిందకి వంగి ఇరుసుకీ ఆ దిమ్మకీ మధ్య వేళ్ళు పెట్టి చూసేవాడు. రెండు వేళ్ళ సందు మిగిలితే "చాలు" అని అరిచేవాడు. ఇక దాని మీద కోడిపెట్టని కూడా ఎక్కించేవాళ్ళు కాదు. ఈ కొండల్లో జీపులన్నిటికీ అదే కాటా. దాని వల్లే ఇంతమంది బతికి కిందకి వచ్చారు.

ఇక నా సంగతి. నాకప్పుడు ముప్పై మూడు. పొగరు, అంతకంటే ఏం లేదు. బిలియర్డ్స్ ఆడేచోట ఒకడు, వాడూ జీపు డ్రైవరే, పోయాడులే, పేరెందుకు, అందరి ముందూ నా గురించి అన్నాడు, "ఫబ్రీ కట్టిన కమాన్లు చూశారా, అర్సేసియో జీపు కడుపుతో ఉన్న ఆవులా వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కాలిపోయింది. సరిగ్గా ఆ వారమే మీ తాత వచ్చాడు, మెయిన్ పట్టీ విరిగింది. పంట మంచి జోరు మీదుంది. నేనన్నాను, "ఏమయ్యా, లారీ పట్టీలు పడున్నాయి, రెండేసి వేస్తాను, బండి నిటారుగా నిలబడుతుంది" అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు ఫబ్రీ. విరిగింది మార్చు, మిగతాది ఎలా ఉందో అలా ఉండనీ. నువ్వు కమాను గట్టి చేస్తావు, నా బ్రేకుని ఎవడు గట్టి చేస్తాడు?" అని ఇందాక చెప్పానే, ఆ మాట అన్నాడు. షెడ్డులో ఇంకో ఇద్దరున్నారు, కిసుక్కున నవ్వారు. నాకు మండింది. నా పని నాకు నేర్పుతావా అనుకున్నాను. ఆయన భోజనానికి వెళ్ళాడు, నేను రెండు వైపులా రెండేసి లారీ పట్టీలు లోపల పెట్టి బిగించేశాను, పైన గ్రీజు పూసేశాను. మంచే చేస్తున్నాననుకున్నానా? అనుకున్నానేమో. నలుగురూ చూసి ఫబ్రీ కమానంటే ఇదీ అనుకోవాలనే ఎక్కువ ఉంది, అబద్ధమెందుకు. ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఎత్తుగా లేదూ?" అన్నాడు. నేను, "కొత్త పట్టీ కదా, వారం తిరిగితే కూర్చుంటుంది" అన్నాను. నమ్మాడు. నన్నెందుకు నమ్మడు, పదేళ్ళుగా ఆ జీపు కిందకి వేరే మనిషి దూరలేదు.

నాలుగో రోజు శనివారం, సంత. ఆ మూడ్రోజులూ వాన, జీపు కొండెక్కలేదు, మూటలన్నీ తడి. పైన ఎత్తేవాడు ఎవెలియో అని, చిన్నవాడే, ఒళ్ళు దాచుకోకుండా చేసేవాడు. మామూలుగా పదమూడు మూటలు పడేసరికి రెండు వేళ్ళకి వచ్చేది. ఆ రోజు పదమూడు వేశాడు, వంగి చూశాడు, అరచెయ్యి మొత్తం పట్టింది. ఇంకోటి వేశాడు. ఇంకోటి. మీ తాతని పిలిచాడు, "అన్నా, చూడు, ఇంకా పడతాయి" అని. మీ తాత కూడా వంగి వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు అబద్ధం చెప్తాయని ఎవడనుకుంటాడు? పంతొమ్మిది మూటలు పడ్డాయి, తడివి, పైన నాలుగు గెలలు, ముగ్గురు మనుషులు. ఫస్టు గేర్లోనే దిగాడట, ఎప్పట్లాగే, తొందరేం లేదు. చర్చి కనపడే మలుపుకి ముందు బ్రేకు డ్రమ్ములు కాలిన వాసనొచ్చిందట, పెడల్ కిందకి పోయిందట, గేరు కూడా ఎగిరిపోయిందట. ఇవన్నీ దూకినవాళ్ళు చెప్పారు. "దూకండి" అని అరిచాడట. ముగ్గురూ దూకారు, ఒకామెకి చెయ్యి విరిగింది, అంతే. ఆయన దూకలేదు. కింద మలుపులో సంతకొచ్చే జనం, గాడిదలు. స్టీరింగ్ కొండ వైపు తిప్పి కొట్టాడు. నేను వెళ్ళేసరికి టోపీ రోడ్డు మీద ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయనకి.

ఉండు, లేవకు. ఇంకా ఉంది. చెప్పాల్సిందే అది. జీపుని లాక్కొచ్చింది నా షెడ్డుకే, ఇదిగో, ఇప్పుడు నీ బండి ఉన్న చోటే పెట్టారు. ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తానన్నాడు. ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉంది, మీ తాత అంత్యక్రియల పూజ. నేను వెళ్ళలేదు. ఒంట్లో బాలేదని చెప్పించి, జీపు కిందకి దూరి ఆ నాలుగు పట్టీలూ ఊడదీశాను. గంటలు వినపడుతూనే ఉన్నాయి. ఊడదీసి పాత ఇనుములో కలిపేశాను. సోమవారం ఇన్‌స్పెక్టరు అడిగాడు, "కమాన్లేమైనా మార్చారా?" అని. "విరిగిన పట్టీ మార్చాను సార్, అంతే" అన్నాను. పంతొమ్మిది మూటలు లెక్క తేలాయి. ఎవెలియో ఏడుస్తూ చెప్పాడు, "సందు చూశాం సార్, అన్న కూడా చూశాడు, అరచెయ్యి పట్టింది" అని. ఎవరు నమ్ముతారు? ఆ కమాన్ల మీద పంతొమ్మిది మూటలు పడితే ఇరుసు రబ్బరుని తాకాలి, చిన్నపిల్లాడికీ తెలుసు. అందరూ నా మొహం చూశారు, కమాన్లవాడు ఏమంటాడా అని. నేను నేల చూశాను. తాగి ఎత్తాడన్నారు వాణ్ణి. మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు. మైదానాల వైపు వెళ్ళిపోయాడు, ఏమయ్యాడో తెలీదు. ఇక మీ తాతనేమో, "ఆశ, ఒక్క ట్రిప్పులో అంతా దింపేద్దామనుకున్నాడు, ఇంకొంచెమైతే ముగ్గుర్ని చంపేవాడు" అన్నారు. ముగ్గుర్ని బతికించిన మనిషిని పట్టుకుని. ఆ మాట అలాగే ఉండిపోయింది. బళ్ళో మీ నాన్నని పిల్లలు "పంతొమ్మిది మూటలు" అని పిలిచేవాళ్ళు. చెప్పలేదా మీ నాన్న? చెప్పడులే.

ఆ మలుపులో డ్రైవర్లని కాపాడే కార్మెల్ మాత మందిరం ఉందిగా, దాని గోడ మీద పోయిన డ్రైవర్ల పేర్లు రాస్తాం కదా. మాత పండగ నాడు జీపులన్నీ హారన్లు కొడుతుంటే ఫాదర్ ఆ పేర్లు చదువుతాడు. మీ తాత పేరు లేదు అక్కడ. సరుకు ముంచినవాడి పేరు వద్దన్నారు డ్రైవర్ల కమిటీవాళ్ళు. కమిటీలో నేనూ ఉన్నాను. మీ నాయనమ్మ నా దగ్గరకొచ్చింది, పంచలో కూర్చుంది, ఇంత పానెలా బెల్లం కాగితంలో చుట్టి తెచ్చింది. "అన్నయ్యా, ఊళ్ళో మా ఆయన్ని ఒక్క మాట అనని మనిషివి నువ్వొక్కడివే. నువ్వు అడిగితే కాదనరు. ఆయన పేరు రాయించు" అంది. నేను, "చూద్దాం ఒతిలియా" అన్నాను. అడగలేదు. అడిగితే ఎందుకని అంటారు, ఎందుకో చెప్పాలి. మరుసటేడు మళ్ళీ వచ్చింది. ప్రతి ఏడూ వచ్చింది, మోకాళ్ళు పడిపోయేదాకా. తెచ్చిన బెల్లం తీసుకున్నాను, నోట్లో వేసుకుని తిన్నాను కూడా. నా అంత సిగ్గుమాలినవాణ్ణి నువ్వెక్కడా చూడవు. ఇవాళ నువ్వొచ్చి, తాతా, పట్టీలు ఎక్కించు అంటే ఏం ఎక్కించను నేను?

తిట్టు, తిట్టినా బానే ఉంటుంది. పండగ గురువారం. రంగు డబ్బా ఉంది లోపల, నల్లది, కుంచె కూడా ఉంది. పేరు నేనే రాస్తాను, కానీ ముందు మీ నాయనమ్మకి చెప్పాలి. నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి, ఆమె మొహం చూసే చెప్పాలి. ఆ చెప్పులు ఇలా తొయ్యి, ఇప్పుడే ఆమె దగ్గరికి వెళ్దాం. నీ బండి బాగా ఎత్తు కదా, ఎక్కలేను, చెయ్యి ఇవ్వు. ఇవ్వవా. సరేలేమ్మా. తలుపు పట్టుకుని ఎక్కుతాను.