'యో షౌ హావ్ శ్యెన్': నేను తప్పుగా చెప్పిన మాట

సభాధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు తోంగ్ గారికి, సాటి ఉపాధ్యాయులకు, ఇంత వానలోనూ హన్ నది దాటి వచ్చిన నా పాత విద్యార్థులకు, వాళ్ల కన్నవాళ్లకు నమస్కారం.

ముప్పై నాలుగేళ్లలో ఈ చూ టీచరు ఒక్క మాటా తప్పు చెప్పలేదని తోంగ్ గారు ఇందాక పొగిడారు. అయ్యా, మీరు నా క్లాసులో కూర్చోలేదు గనక అలా అన్నారు. (నవ్వులు) ఒకటి చెప్పాను. ఆ సంగతి దాచుకుని, రిటైరై ఇంటికి వెళ్తే రేపటినుంచి నాకు పొద్దుపోదు.

మన చైనా నుడికారాల్లో 'యో షౌ హావ్ శ్యెన్' మీకందరికీ తెలిసిందే. ఊరికే తిరిగే చేతులు, తీరికంటే మోజు. పనీపాటా లేని సోమరిని అలా తిడతాం. నూలు మిల్లు మూతపడిన ఏడాది, ఆ నుడితో వాక్యం రాయమంటే, అప్పటికి పన్నెండేళ్ల యాన్ సూచిన్, "మిల్లు పోయాక మా నాన్న యో షౌ హావ్ శ్యెన్ అయిపోయాడు" అని రాసింది. నుడి చక్కగా అతికింది. నేను మురిసిపోయి క్లాసంతటికీ పైకి చదివాను. పిల్లలు గొల్లుమన్నారు. తలెత్తి చూస్తే, కూతురికి గొడుగివ్వడానికి వచ్చిన సూచిన్ తండ్రి దెషున్ కిటికీ బయట నిలబడి ఉన్నాడు. గొడుగు గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. మిల్లు మూసిన నెలలోనే ఆయన తల్లికి పక్షవాతం వచ్చిందట. ఆమెను పక్కకు తిప్పి, వీపు తుడుస్తున్నాడు.

"రండి టీచరమ్మా, జావ తాగుతారా?" అన్నాడు. తలూపి పీట మీద కూర్చున్నాను. ఆయనే నవ్వి, "పిల్ల రాసినదాంట్లో తప్పేం లేదు గదా? మార్కు మాత్రం కోసెయ్యకండి" అన్నాడు.

గుమ్మంలో సూచిన్ వెక్కుతోంది. "అందరి నాన్నలూ పనికెళ్తున్నారని, కోపమొచ్చి రాశాను నాన్నా..."

"ఊరుకోవే పిచ్చిదానా, నానమ్మ లేస్తుంది."

మన్నించమని అడగడానికి వెళ్లినదాన్ని, జావ తాగి వచ్చేశాను. ఆ తర్వాత బజార్లో ఎదురైనప్పుడల్లా ఆయనే ముందు పలకరించేవాడు. నేను కూరల సంగతీ వానల సంగతీ మాట్లాడి తప్పించుకునేదాన్ని. ఆ పాఠం మాత్రం ఏ ఏడూ మానలేదు. ఇంట్లో మనిషి గురించి రాయాలంటే ముందు ఒక రోజంతా ఆ మనిషి చేతుల్ని చూసి రండర్రా అనేదాన్ని. మరి ఎవరూ ఆ నుడిని ఇంటివాళ్ల మీద రాయలేదు. ఒకడైతే వాళ్ల పిల్లి మీద రాశాడు. (నవ్వులు)

సూచిన్ ఇప్పుడు నర్సు. అదిగో, మూడో వరసలో తండ్రి పక్కన కూర్చుంది.

దెషున్ అన్నా, ఆ రోజు చెప్పలేకపోయాను. తప్పు మీ అమ్మాయిది కాదు, నాది. నన్ను మన్నించండి... అయ్యో, లేవకండి, మోకాళ్ల నొప్పి గదా. ఈ పూట మీరు కూర్చోవాలి, నేను నిలబడాలి.

ఇంతసేపు విన్న మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.